సారు ఎందుకు దిగలేదు

వెంకటరామారావు పోయాడన్న కబురు ఇప్పలగుంపుకు దూలయ్య మోసుకొచ్చాడు. గూడెంలో ఫోన్లకు సిగ్నల్ అందదు, రోడ్డు మీది కల్వర్టు దాకా పోతేనే అందుతుంది. పొద్దున్నే బీడీల తునికాకు కొనే కల్లం దగ్గరికి పోయిన దూలయ్య, అక్కడ అందరూ ఫోన్లు చెవులకు పెట్టుకుని నిలబడి ఉండటం చూసి, సంగతి కనుక్కుని, తెచ్చిన ఆకు అక్కడే వదిలేసి వెనక్కి తిరిగాడు. నేరుగా వచ్చి వదిన జంపక్క వాకిట్లో నిలబడ్డాడు.

"ఎంకట్రామారావు సచ్చిండు," అన్నాడు.

ఆకు కట్టలు కడుతున్న జంపక్క చేతులు ఆగాయి. "ఎట్ల?"

"గుండె ఆగిందట. అన్నం తిని పండుకున్నోడు లేవలేదట."

"కాడ ఎవరున్నరు?"

"నాకేం తెలుసు వదినా. నేనేమన్న ఆయన మంచం పక్కన ఉన్ననా?"

పక్కింటి ముత్తక్క ఈ మాటలు విని గుమ్మంలోనే కూలబడి రాగం తీసింది. ఆమె బిడ్డ వనజకు నర్సు ట్రైనింగులో సీటు ఇప్పించింది ఆయనే. ఆ ఏడుపు విన్న దూలయ్య పక్కకు తిరిగి ఉమ్మేశాడు. తన చేను సగం పోయింది ఆ సారు ఎమ్మెల్యేగా ఉన్న రోజుల్లోనే. కొందరు వచ్చి సంగతి విని, అవునా అని, మళ్లీ ఆకుకు పోయారు.

జంపక్కకు ఏడుపు రాలేదు. పీడ పోయిందనీ అనిపించలేదు. ఆమెకు వచ్చిన దిగులు వేరు. ఆ మాట ఇంక ఎవరిని అడగాలి?

జంపక్కను చుట్టుపక్కల గూడేల్లో 'ఎందుకు జంపక్క' అంటారు. వెక్కిరింతకే మొదలైంది ఆ పేరు, తర్వాత అలవాటైపోయింది. పసిపిల్లలకు తొడకు సూది వేసి పెద్దవాళ్లకు భుజానికి వేస్తారెందుకని నర్సమ్మను అడిగింది. ఇళ్ల లెక్క రాయటానికి వచ్చిన మనిషిని, మేకల్ని రాసి మేకపిల్లల్ని ఎందుకు వదిలేశావని అడిగింది. పెళ్లికి ముందు రామన్న వాళ్లు చూడటానికి వచ్చినప్పుడు, తల వంచుకుని కూర్చోవలసిన పిల్ల, "నీ ఎద్దు ఎందుకు కుంటుతుంది?" అని నేరుగా రామన్ననే అడిగింది. పెద్దవాళ్లు నోళ్లు తెరిచారు. రామన్న మాత్రం ఆ ఎద్దు డెక్కలో రాయి ఎట్లా గుచ్చుకుందో, తను ఏ ఆకు నూరి కట్టాడో, అయినా ఎందుకు మానలేదో ఓపిగ్గా చెప్పాడు. ఆ పూటే ఆమె ఒప్పుకుంది. అడిగినదానికి జవాబు చెప్పేవాళ్లంటే ఆమెకు గౌరవం. చాలా ఏళ్ల తర్వాత రామన్న జ్వరంతో భద్రాచలం దవాఖానాలో పోయినప్పుడు, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని రక్తంలో ఏం జరిగిందో చెప్పిన డాక్టరును ఆమె తలుచుకుంటూనే ఉంటుంది. బతికించలేదు గానీ చెప్పాడు అంటుంది.

చెప్పనివాడు ఒక్కడే, వెంకటరామారావు.

కందకాలు తవ్విన ఏడు అంటే ఇప్పలగుంపులో పిల్లలకు కూడా తెలుసు. పోడు చేలు అడవిలోకి పెరగకుండా ఫారెస్టోళ్లు జేసీబీలు తెచ్చి అంచుల వెంట కందకాలు తవ్వించారు. ఈ గూడెంవి తాతల నాటి నుంచి దున్నుతున్న చేలే అయినా, గీత మాత్రం మొక్కజొన్న నడిమధ్య నుంచి పడింది. అంతకుముందు ఎలక్షన్లలో వెంకటరామారావు ఇదే గూడెంలో నులకమంచం ఎక్కి, "ఇక్కడ కందకం తవ్వాలంటే ముందు నా మీద నుంచి తవ్వాలె" అని చెప్పి ఓట్లు వేయించుకుని గెలిచాడు.

జేసీబీ వచ్చిన రోజు గూడెమంతా దానికి అడ్డంగా పడుకుంది. జంపక్క పడుకోలేదు. పడుకుంటే ఏం జరుగుతుందో కనబడదని గట్టెక్కి నిలబడింది. అందుకే ఆమెకొక్కదానికే కనబడింది. చేలకు అవతల మట్టిరోడ్డు మలుపులో ఎమ్మెల్యే తెల్లబండి వచ్చి, ముందుభాగం పొదల చాటున ఉండేలా ఆగింది. డ్రైవర్ దిగి అటు పోయాడు. వెనక సీట్లో మనిషి కదిలాడు. ఆయన వైపు తలుపు తెరుచుకుంటుందని ఆమె దాని మీద నుంచి చూపు తిప్పలేదు. తెరుచుకోలేదు. కాసేపటికి డ్రైవర్ ఎక్కాడు, బండి చెట్ల చాటుకు పోయింది. మధ్యాహ్నానికల్లా మొక్కజొన్న మట్టిలో కలిసింది.

తాను చూసింది ఆమె అందరికీ చెప్పింది. దూలయ్య అన్నాడు, "మనల్ని చూసి భయపడ్డడు. ముఖం లేక పోయిండు." ముత్తక్క అంది, "పైనోళ్లు దిగొద్దన్నరేమో. పాపం లోపల్లోపల ఏడ్చిండేమో." గూడెం అప్పటి నుంచి ఈ రెండు మాటల మీదే రెండుగా ఉంది. జంపక్కకు రెండూ ఊహలే అనిపించాయి. తెలిసిన మనిషి ఉండగా ఊహించుకోవటం ఎందుకు?

అందుకని ఆయన్నే అడిగింది. మళ్లీ ఎలక్షన్లకు వచ్చినప్పుడు బండి పక్కకు పోయి, "సారూ, ఆనాడు కందకం కాడ నువ్వు బండి ఎందుకు దిగలే?" అంది. కోయ మనిషికి ఎంత పెద్దవాడైనా నువ్వే. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే నవ్వి, "చెప్త అక్కా. తీరిగ్గ కూసోని చెప్త," అన్నాడు. మంత్రి అయ్యాక ఇల్లందులో పోడు పట్టాలు పంచిన సభలో ఆమెకూ ఒక కాగితం అందింది. చేను మొత్తానికి కాదు, కందకానికి ఇవతలిదానికి. ఇస్తూ ఆయనే పలకరించాడు. "నువ్వు ఇప్పలగుంపు అక్కవు గదా." "అవ్. ఎందుకు దిగలే?" అంది ఆమె. సరిగ్గా అప్పుడే ఫోటో తీశారు. పేపర్లో జంపక్క నోరు తెరుచుకుని ఉంది. మరోసారి భద్రాచలంలో కల్యాణం రోజున, అంత జనంలో ఆమెను గుర్తుపట్టి చెయ్యెత్తి, "మరిచిపోలే అక్కా, చెప్త," అని పోయాడు. చెప్పటం వాయిదా పడేకొద్దీ అదేదో మామూలు సంగతి కాదని ఆమెకు గట్టిపడుతూ వచ్చింది.

మర్నాడు పార్టీ తరపున చందూలాల్ డీసీఎం వ్యాన్ తీసుకొచ్చి గూడెం మొదట్లో ఆపాడు. పక్క తండా మనిషి, మండల నాయకుడు. అంత్యక్రియలు పెనుబల్లి అవతల సారు సొంతూళ్లో అని, రాను పోను బండి ఉందని, అన్నం పొట్లాలు ఉన్నాయని చెప్పాడు. ముత్తక్క అందరికన్నా ముందు ఎక్కింది. జంపక్క కూడా కొంగు దోపుకుని బయలుదేరుతుంటే దూలయ్య అడ్డం వచ్చాడు.

"నువ్వెందుకు వదినా? నీకేం చేసిండని పోతవ్?"

"అడుగుదామని."

"సచ్చినోన్ని ఏమడుగుతవ్?"

"ఆయన కాడ ఉన్నోళ్లుంటరు గద."

దూలయ్య పక్కకు జరిగి, "నేను మాత్రం రాను. మన చేను కాడికి రానోని పీనుగ కాడికి నేను పోను," అని మేకల వైపు వెళ్లిపోయాడు.

డీసీఎంలో సగం మంది కళ్లు తుడుచుకుంటున్నారు, సగం మంది ఊరు చూడటానికి పోతున్నట్టున్నారు. చందూలాల్ క్యాబిన్‌లో కూర్చోకుండా వెనకే నిలబడి సారు గొప్పలు చెబుతున్నాడు. ఆయన ఒక్క ఫోన్ కొడితే దవాఖానాలో మంచం దొరికేదన్నాడు. "ఇసుక లారీలు కూడ ఒక్క ఫోన్‌కే పోయేటివి," అన్నాడు మూల నుంచి ఎవరో. చందూలాల్ అటు చూశాడు గానీ, ఆ పూటకు కోపం తెచ్చుకోలేదు.

ఒక ఊరి సెంటర్లో కొట్లన్నీ మూసి, గుంజలకు నల్లగుడ్డలు కట్టి ఉన్నాయి. ఒక ముసలాయన రోడ్డు పక్కన ఒంటరిగా, పోయే బండ్లన్నిటికీ చేతులు జోడించి నిలబడ్డాడు. ఇంకో నాలుగు మలుపులు తిరిగేసరికి పటపటమని టపాసులు పేలాయి. ఎవరో రోడ్డు మీద సరం కాల్చి పారిపోయారట, పోలీసులు లాఠీలు పట్టుకుని సందుల్లో తిరుగుతున్నారు. ముత్తక్క లేచి నిలబడి శాపనార్థాలు పెట్టింది. "మనిషి పోతే పండగ చేస్తరా? వీళ్లకు కడుపుకోత తెల్వదా?"

"వీళ్లకు ఏం చేసిండో ఏమో," అంది జంపక్క. బండి ఆగి ఉంటే దిగి అడిగేదే. ఎవరికి ఏం జరిగి ఉంటే చావుకు టపాసులు కొనుక్కొచ్చుకుంటారు? ఆ ఊరు దాటిపోయేదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

సారు ఇంటి ముందు జనం విరగబడి ఉన్నారు. టీవీల వాళ్లు, పోలీసులు, పూలదండలు మోసుకుని నడిచే నాయకులు. వరసలో మెల్లగా జరుగుతూ జంపక్క అద్దాల పెట్టె దాకా చేరింది. రంగు వేయని జుట్టుతో ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. చెంపల మీద తెల్లటి గడ్డం మొలకెత్తి ఉంది. పెదవులు గట్టిగా మూసుకుని ఏదో దాచుకున్నట్టు ఉన్నాయి. వెనకవాళ్లు తోస్తుంటే పక్కకు జరిగింది.

పెట్టె తలవైపు ఆయన భార్య పుష్పలత కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం. దూరం నుంచి వచ్చినట్టు కనబడ్డవాళ్లను ఆమె ఒక్కొక్కరినీ పలకరిస్తోంది.

"ఏ ఊరమ్మా మీది?"

"ఇప్పలగుంపు."

"అంత దూరం నుంచి వచ్చావా. మీకేం చేశారు ఆయన?"

మర్యాదకు అడిగినట్టు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. జంపక్కకు ఆమె మీద ఒక్కసారిగా ఇష్టం కలిగింది.

"ఏం చేసిండో తెల్వకనే వచ్చినమ్మా," అని, కందకం సంగతి, బండి సంగతి రెండు ముక్కల్లో చెప్పింది.

పుష్పలత శ్రద్ధగా విన్నది. "ఆయన నాకు బయటి సంగతులేవీ చెప్పేవారు కాదు. పొద్దుటి నుంచి ఒకరు దేవుడంటున్నారు. ఇందాక ఒకామె వచ్చి, మా భూమి మింగిన మనిషిని కళ్లారా చూసుకుందామని వచ్చానని నా ముఖం మీదే చెప్పి పోయింది. నేనూ వింటున్నాను." పెట్టె వైపు చూసి అంది, "బండి సంగతైతే వీరబాబును అడుగు. నా పక్కన కంటే వీరబాబు పక్కనే ఎక్కువ రోజులు ఉన్నారాయన."

డ్రైవర్ వీరబాబు పెరట్లో, బండ్లు పెట్టిన రేకుల షెడ్డు కింద బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. నెత్తి పండిపోయింది గానీ జంపక్క వెంటనే గుర్తుపట్టింది. ఆ రోజు దిగింది ఈ మనిషే.

"తమ్మీ, ఇప్పలగుంపు నుంచి వచ్చిన."

వీరబాబు లేచి నిలబడ్డాడు. "నాకు తెలుసక్కా. ఎందుకు దిగలేదు అని అడిగేది నువ్వే గదా."

తన బకెట్టు ఆమెకు జరిపి, తను కింద కూర్చున్నాడు. ఇంటి ముందు నుంచి జిందాబాద్‌లు వినబడుతున్నాయి.

"ఆ రోజు బండి వేడెక్కిందక్కా," అన్నాడు. "రేడియేటర్లో నీళ్లు అయిపోయి పొగలు వస్తే ఆపాను. అంతే."

"సారు?"

"ఫోన్లో ఉన్నారు. ఏదో పెళ్లికి పోతున్నాం. ముహూర్తం దాటిపోతోందని అవతలివాళ్లు ఒకటే గొడవ."

"మేం కనబడలే?"

"తల తిప్పితే గదా."

"జేసీబీ సప్పుడు?"

"అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. ఏసీ."

జంపక్క ఇంకా వదల్లేదు. "అది మా ఊరని తెలుసా?"

వీరబాబు తల అడ్డంగా ఊపాడు. "ఆయనకే కాదు, నాకూ తెలీదు. అడ్డదారి అంటే ఆ రోడ్డున వచ్చాం."

వీరబాబు ఆమె తిడుతుందనుకున్నాడు, లేదా ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఇంకో మాట అడిగింది.

"నీళ్లు ఎక్కడియి పోసినవ్?"

"రోడ్డు పక్కన చెట్టు కింద ఒక బిందె ఉంటే..."

"మోదుగాకులు కప్పిన స్టీలు బిందె."

"అవునక్కా."

"అది మాది," అంది జంపక్క. ఆ రోజు చేను పోయాక, గొంతులు ఎండిపోయి అందరూ చెట్టు కిందికి వస్తే బిందెలో చుక్క లేదు. జేసీబీ మనిషే తాగాడని రామన్న పోయి వాడి చొక్కా పట్టుకున్నాడు. వాడు నేను తాగలేదు బాబోయ్ అని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. రామన్న జన్మలో మనిషి మీద చెయ్యి వేసింది ఆ ఒక్కసారే. అది గుర్తొచ్చి ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. వీరబాబుకు ఏమీ అర్థం కాలేదు. ఆమె సంగతి చెప్పాక అతనూ తల పట్టుకున్నాడు.

"మరి తెల్వదంటే అయిపోయేది గద. చెప్త చెప్త అని ఎందుకు తిప్పిండు?"

"మొదటిసారి నువ్వడిగినప్పుడు ఆయనకు ఏమీ తోచలేదక్కా. అందరికీ అన్నట్టే చెప్తా అన్నారు. రెండోసారి, ఇల్లందులో, బండెక్కాక నన్నడిగారు. వీరబాబూ, ఆ అక్క ఏ బండి సంగతి అడుగుతోంది అని. నేను గుర్తుచేసుకుని చెప్పాను. కొత్తగూడెం వచ్చాక అన్నారు, ఆమెకు ఈ సంగతి చెప్పకురా. వచ్చి దిగలేదనుకుంటే కోపం ఉంటుంది. అసలు మనకు తెలియనే తెలియదంటే, వాళ్లు మన లెక్కలోనే లేరని తెలిసిపోతుంది. కోపమే నయం అన్నారు."

జంపక్క ఆ మాటను మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "తెలివిగల్లోడే," అంది చివరికి.

"ఒకటి మాత్రం ఉందక్కా. ఆ తర్వాత అడవి రోడ్డున ఎటు పోయినా అద్దం దించేవారు. ఇది ఏ ఊరు, ఇది ఏ ఊరు అని అడుగుతూనే ఉండేవారు. సిగ్గుతోనో, నీలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో అన్న భయంతోనో, నాకైతే తెలీదు."

"అడగకపోయినవా?"

"డ్రైవర్ని. అడుగుతానా?"

జంపక్క లేచింది. డీసీఎం దగ్గరికి పోకుండా మళ్లీ వరసలో నిలబడింది. ఈసారి పెట్టె దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. మూసుకున్న ఆ పెదవుల వెనక ఏదో ఉందని ఇందాక అనిపించింది. ఇప్పుడు చూస్తే ముసలాయన ఒకడు నిద్రపోతున్నాడు. అంతే. పుష్పలత తలెత్తి, తెలిసిందా అన్నట్టు చూసింది. జంపక్క తలూపింది.

గూడెం వచ్చాక సంగతంతా చెప్పింది. వింటారనుకుంది. దూలయ్య ఒక్క మాటలో కొట్టిపారేశాడు.

"డ్రైవర్ గాడు అబద్ధం చెప్పిండు. జీతం తిన్నోడు గట్లనే చెప్తడు. సారు వచ్చిండు, మనల్ని చూసిండు, భయపడి పోయిండు."

"ఆయనకు మన ఊరని తెల్వదు దూలయ్యా."

"ఎందుకు తెల్వదు? తెలుసు."

ఇంతకాలం దూలయ్యతో పేచీ పెట్టుకున్న ముత్తక్క, ఆ రోజు ఆయన పక్కనే నిలబడింది. "తెల్వకపోవుడేంది జంపక్కా? నా బిడ్డకు సీటు ఇప్పించినాయనకు నా ఊరు తెల్వదా? దిగనియ్యలేదు ఆయన్ని, అంతే." తిట్టేవాళ్లకూ మొక్కేవాళ్లకూ ఆ సారు బండిలో నుంచి తమని చూసి ఉండాలి. ఆయన పెళ్లి గురించి ఫోన్లో మాట్లాడుకుంటూ పోయాడంటే గూడెంలో ఒక్కరూ ఒప్పుకోలేదు. ఇన్నేళ్లలో గూడెం మొత్తం ఒకే మాట మీద ఉండటం జంపక్క మొదటిసారి చూసింది. ఆమెకు అదీ వింతగానే ఉంది. ఇంకేమీ వాదించకుండా ఆకు కట్టలు ముందేసుకుంది.

తొలకరి పడి విత్తనాలు వేశాక, ఒకరోజు పొద్దున వీరబాబు మోటారు సైకిల్ మీద ఇప్పలగుంపు వచ్చాడు. సారు ఇంట్లో బండ్లు అమ్మేశారట, పని మానేశాడట.

"ఏం పనుండి వచ్చినవ్ తమ్మీ?" అంది జంపక్క.

"పనేం లేదక్కా. ఆ రోజు మీవైపు నుంచి ఎట్లా కనబడిందో చూద్దామని. నువ్వు చెప్పిన కాడి నుంచి అదే తిరుగుతోంది బుర్రలో."

జంపక్క ముఖం వెలిగింది. జొన్న అంబలి పోసి తాగమని, తాగాక చేను దగ్గరికి తీసుకుపోయింది. తను నిలబడ్డ గట్టు మీద అతన్ని నిలబెట్టి రోడ్డు మలుపు చూపించింది. వీరబాబు చాలాసేపు అటు చూశాడు. ఇంత దగ్గరా అన్నాడు.

సారు డ్రైవర్ వచ్చాడని తెలిసి దూలయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. వీరబాబును ఎగాదిగా చూసి, గట్టు మీద గొంతుక్కూర్చుని, "ఏదీ, నువ్వు చెప్పు. మొదటి నుంచి చెప్పు," అన్నాడు.

వీరబాబు చెప్పాడు. దూలయ్య మధ్యలో ఆపి ఆపి అడిగాడు. బండి ఎక్కడ ఆగింది, అద్దాలు ఏ రంగువి, పెళ్లి ఎవరిది. అన్నీ విన్నాక కర్రతో నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు.

"అంటే ఆయనకు మేం అడ్డంగ పండుకున్నది కూడ తెల్వదు."

"తెలీదయ్యా. చాలా ఏళ్లకు, అక్క అడిగితే తెలిసింది."

దూలయ్య ఇంకేమంటాడో అని జంపక్క చూసింది. ఆయన లేచి కందకం అంచు దాకా నడిచాడు. వానలకు సగం పూడి, లోపల తంగేడు మొలిచి ఉంది.

"రా ఇటు," అని వీరబాబును పిలిచాడు. "నా చేను ఎక్కడి దాకుండేదో చూపిస్త. ఎట్లనూ వస్తివి, మీలో ఒక్కలన్న చూడున్రి."

వీరబాబు చెప్పులు విడిచి, లుంగీ పైకి కట్టుకుని ఆయన వెనక కందకంలోకి దిగాడు.